మా వీధి గోడ మీద ఏం గీయాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు గోడల గురించే. తాముంటున్న వీధి కథని బొమ్మలుగానో, శిల్పంగానో, కాలిబాట మీద అక్షరాలుగానో పెట్టుకోవాలని ఇంతమంది అనుకుంటున్నారని తెలిసి నిజంగా సంతోషమేసింది. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేశాను. కొన్ని జవాబులు పొడుగయ్యాయి, ఏమనుకోకండి.

ప్రశ్న: మా పేటలో పెద్ద ప్రహరీ గోడ ఖాళీగా ఉంది. పేట చరిత్రని బొమ్మలుగా వేద్దామని కుర్రాళ్ళు ముందుకొచ్చారు. ఒక పెద్దమనిషి నిలువెత్తు బొమ్మ వేసి చుట్టూ పువ్వులు గీస్తే చాలంటున్నారు కొందరు. నాకేమో అది చరిత్రలా అనిపించట్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

మీకు అనిపించింది నిజమే. ఒక మనిషి బొమ్మ వేస్తే ఆ మనిషిని గౌరవించినట్టవుతుంది, అందులో తప్పేం లేదు, కానీ పేట కథ చెప్పినట్టు కాదు. పేట అంటే ఒకరి తర్వాత ఒకరు వచ్చి, కొందరు పాతుకుపోయి, కొందరు సామాను సర్దుకుని వెళ్ళిపోయిన చోటు.

లండన్‌లో బ్రిక్ లేన్ అనే వీధిలో ఒక పాత ఇటుక కట్టడం ఉంది. ఫ్రాన్స్‌లో మత హింస తట్టుకోలేక పారిపోయి వచ్చిన హ్యూగనాట్ కుటుంబాల వాళ్ళు 1743లో దాన్ని ప్రార్థన కోసం కట్టుకున్నారు. ఆ తర్వాత అది మెథడిస్టులనే మరో క్రైస్తవ శాఖ చేతికి వెళ్ళింది. 1898లో యూదుల ప్రార్థనా మందిరమైంది. 1976 నుంచి మసీదు, అక్కడ నమాజు చేసేవాళ్ళలో ఎక్కువమంది బంగ్లాదేశ్ మూలాలున్నవాళ్ళు. గోడలు మాత్రం అవే. పైన 1743 నాటి నీడ గడియారం ఇప్పటికీ ఉంది, దాని మీద లాటిన్‌లో 'మనం నీడలం' అని చెక్కి ఉంటుంది. వచ్చిన ప్రతివాళ్ళూ దాన్ని అలాగే ఉంచారు చూడండి, నాకు ఆ కట్టడంలో అన్నిటికన్నా నచ్చిన విషయం అది.

అలాంటి కట్టడం అన్ని పేటలకీ మిగలదు. మన పేటల్లో ఈ పొరలు కంటికి ఆనవు, పైన వేసిన పొర కిందిదాన్ని కప్పేస్తుంది, అందుకే గోడ మీద బొమ్మ అవసరమవుతోంది.

లాస్ ఏంజిలస్‌లో జూడీ బాకా అనే చిత్రకారిణి ఒక వరదనీటి కాలువ కాంక్రీటు గోడ మీద 1976లో బొమ్మలు వేయించడం మొదలుపెట్టారు. 2,754 అడుగుల పొడవు, అంటే అర మైలు దాటుతుంది. నాలుగు వందల మందికి పైగా కుర్రకారు వేసవి సెలవుల్లో వచ్చి రంగులు వేశారు, వాళ్ళలో పోలీసు కేసుల్లో ఇరుక్కున్న పిల్లలు కూడా ఉన్నారు. నేను చెప్పదలుచుకున్నది దాని పొడవు గురించి కాదు, పని జరిగిన వరస గురించి. ముందు చరిత్ర తెలిసినవాళ్ళతో, ఆ సంగతుల్ని కళ్ళారా చూసినవాళ్ళతో మాట్లాడారు, ఆ తర్వాతే డిజైన్ గీశారు. అందులో ఒక చోట పెద్ద పెద్ద రహదారులు పాముల్లా మెలికలు తిరిగి ఒక కుటుంబంలోని మనుషుల్ని విడదీస్తూ ఉంటాయి. రోడ్డు కోసం పేటని రెండు ముక్కలు చేశారన్న సంగతి ఆ బొమ్మ చూసిన పిల్లాడికి కూడా అర్థమైపోతుంది.

అందుకని మొదటి రెండు నెలలు రంగు డబ్బా మూత తీయకండి. ఇంటింటికీ వెళ్ళండి. వెళ్ళి 'మన పేట చరిత్ర చెప్పండి' అంటే ఎవరూ నోరు విప్పరు, 'మాకేం తెలుసు బాబూ' అంటారు. అదే 'మీ ఇంట్లో అన్నిటికన్నా పాత వస్తువేది', 'ఈ ఇంటికి వచ్చిన మొదటి రాత్రి ఎక్కడ పడుకున్నారు', 'నీళ్ళు ఎక్కణ్ణుంచి మోసుకొచ్చేవాళ్ళు' అని అడగండి, ఇక ఆపమన్నా ఆపరు. ఫోన్‌లో రికార్డు చేసుకోండి, అడిగి మరీ చేసుకోండి. పాత ఫోటోలు, స్థలం కాగితాలు, బడి రిజిస్టర్లు, పాత మ్యాపులు అన్నీ పనికొస్తాయి. అద్దెకుంటున్నవాళ్ళని వదిలేయకండి, చాలాచోట్ల ఈ పొరపాటే జరుగుతోంది. వెళ్ళిపోయినవాళ్ళ ఫోన్ నంబర్లు కూడా సంపాదించండి, వీధి ఎలా మారిందో ఉన్నవాళ్ళకన్నా వాళ్ళకే బాగా గుర్తుంటుంది, ఎందుకంటే వాళ్ళ తలలో అది వదిలి వెళ్ళిన రోజు ఎలా ఉందో అలాగే ఆగిపోయి ఉంటుంది.

నేనొకసారి ఇలాంటి పనిలో ఉన్నాను. గోడకి స్కెచ్ కాగితాలు అతికించి అందర్నీ చూడమన్నాం. పూడ్చేసిన బావి బొమ్మ దగ్గర ఒక పెద్దావిడ చాలాసేపు నిలబడిపోయింది. చివరికి, "మెట్టు ఇటువైపు కాదమ్మా, అటువైపు. ఇటు నిలబడితే పొద్దున్నే ఎండ కళ్ళల్లో కొడుతుంది, ఎవరు తోడతారు?" అంది. ఫోటోల్లో అది తెలియలేదు, కాగితాల్లోనూ లేదు. మెట్టుని అటు మార్చాం. బొమ్మ పూర్తయ్యాక ఆవిడ మనవడికి చూపిస్తూ ఆ మెట్టు మీదే వేలు పెట్టింది.

ప్రశ్న: మా వీధిలో పేరున్నవాళ్ళెవరూ పుట్టలేదు, యుద్ధాలూ ఉద్యమాలూ జరగలేదు. గీయడానికి ఏముందని అంటున్నారు. ఏం చెప్పమంటారు?

బిడ్డీ మేసన్ గురించి చెప్పండి. ఆమె 1818లో అమెరికాలో బానిసగా పుట్టారు. యజమాని బళ్ళ వెనక నడుచుకుంటూ అంత దేశాన్నీ దాటారు, 1856లో కోర్టులో గెలిచి స్వేచ్ఛ తెచ్చుకున్నారు, లాస్ ఏంజిలస్‌లో మంత్రసానిగా ఎన్నో పురుళ్ళు పోశారు, 1866లో అక్కడే సొంత స్థలం కొనుక్కున్నారు. ఆమె ఇల్లు ఎప్పుడో పోయింది. చరిత్రకారిణి డొలోరెస్ హేడెన్ పూనుకుని పని మొదలుపెడితే, 1989లో అదే చోట షీలా డి బ్రెట్‌విల్ అనే డిజైనర్ 81 అడుగుల నల్ల కాంక్రీటు గోడ తయారుచేశారు. పదేళ్ళకి ఒక భాగం చొప్పున నడుస్తుంది ఆ గోడ, ఒకపక్క ఆమె జీవితం, ఆ పక్కనే ఊరు పెరిగిన తీరు. కాంక్రీటులో వస్తువుల అచ్చులు దించారు, బండి చక్రం, మంత్రసాని సంచి, ఇంటి కంచె. అచ్చు కాబట్టి చేత్తో తడిమితే వేళ్ళకి తగులుతుంది.

మంత్రసాని సంచి చాలండీ. మీ వీధిలో కుట్టుమిషన్ ఉండేది కదా, సైకిళ్ళు బాగుచేసే షెడ్డు ఉండేది కదా. అవి గీయండి.

ప్రశ్న: ఇప్పుడు మేముంటున్న చోట ఒకప్పుడు వేరేవాళ్ళు ఉండేవారు, వాళ్ళని బలవంతంగా ఖాళీ చేయించారని పెద్దవాళ్ళు చెబుతారు. అది కూడా గోడ మీద రావాలని మాలో కొందరం అనుకుంటున్నాం. పాత గాయాలు కెలకొద్దని మిగతావాళ్ళు గట్టిగా అంటున్నారు. ఏం చేయాలో తెలియక చాలా టెన్షన్‌గా ఉంది.

ఈ ప్రశ్న దగ్గర నేను చాలాసేపు ఆగాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, రావాలి. ఆ ఒక్క పొరని వదిలేసి మిగతావన్నీ అందంగా వేస్తే, గోడ చూసిన ప్రతిసారీ తెలిసినవాళ్ళకి ఆ ఖాళీయే కనిపిస్తుంది. ఎలా రావాలన్నది మాత్రం జాగ్రత్తగా ఆలోచించాల్సిన విషయం.

బెర్లిన్‌లో బవేరియన్ క్వార్టర్ అనే పేట ఉంది, ఒకప్పుడు యూదు కుటుంబాలు చాలా ఉండేవి. 1993లో రెనాటా స్టీ, ఫ్రీడర్ ష్నాక్ అనే ఇద్దరు కళాకారులు ఆ వీధుల్లో దీపస్తంభాలకి 80 పలకలు బిగించారు. ఒకవైపు చిన్నపిల్లల పుస్తకంలో ఉన్నంత సాదా బొమ్మ, రెండోవైపు నాజీల కాలం నాటి ఒక ఉత్తర్వు, దాని తేదీ. ఒక పలక మీద పిల్లి బొమ్మ ఉంటుంది. వెనక్కి తిరిగి చూస్తే, యూదులు ఇకమీదట పెంపుడు జంతువుల్ని ఉంచుకోకూడదు, ఫిబ్రవరి 1942. ఇంకొకదాని మీద రొట్టె. బెర్లిన్ యూదులు సాయంత్రం నాలుగు నుంచి అయిదు గంటల మధ్యే తిండి సామాన్లు కొనుక్కోవాలి, జూలై 1940. ఏడుస్తున్న ముఖాలు లేవు, నెత్తురు లేదు. ఇంట్లో పిల్లి ఉన్న ఏ మనిషికైనా ఆ పలక దగ్గర గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

అయితే ఆ పలకలు పెట్టిన కొత్తలో కొందరు భయపడి పోలీసులకి ఫోన్ చేశారు, ఎవరో మళ్ళీ ద్వేషం రెచ్చగొడుతున్నారనుకున్నారు. తర్వాత, ఇవి ఒక స్మారకంలో భాగమని చెప్పే చిన్న పలకలు కింద కలపాల్సి వచ్చింది. మీరూ ముందే నలుగురితో చెప్పి, చూపించి, పక్కన రెండు వాక్యాలు రాసి మరీ పెట్టండి.

రూపం ఎంచుకునే హక్కు మాత్రం నష్టపోయినవాళ్ళ కుటుంబాలకి ఉండాలంటాను. గుంటర్ డెమ్నిగ్ అనే జర్మన్ కళాకారుడు నాజీల చేతిలో బలైనవాళ్ళ గుర్తుగా 1992లో ఒక పని మొదలుపెట్టారు. పది సెంటీమీటర్ల రాయి, పైన ఇత్తడి రేకు, దాని మీద సుత్తితో కొట్టిన అక్షరాలు, 'ఇక్కడ నివసించారు' అని మొదలై ఒక పేరు, పుట్టిన సంవత్సరం, తీసుకెళ్ళిన తేదీ, ఏమయ్యారో ఆ సంగతి. ఆ మనిషి చివరగా తన ఇష్టంతో ఉన్న ఇంటి ముందు, కాలిబాటలో, నేలకి సమంగా పొదుగుతారు. చదవాలంటే తల వంచాల్సిందే. 2023 నాటికి యూరప్‌లో ఇవి లక్షకి చేరాయి. ఇంతమంది మెచ్చిన పనిని కూడా మ్యూనిక్ నగరం బహిరంగ స్థలాల్లో ఒప్పుకోలేదు, చనిపోయినవాళ్ళ పేర్ల మీద మళ్ళీ కాళ్ళు పడతాయని అక్కడి యూదు సమాజ పెద్దలు బాధపడ్డారు కాబట్టి. దాంతో అక్కడ గోడ పలకలు, స్తంభాలు పెట్టి పేర్లు కంటి ఎత్తులో ఉంచుతున్నారు. రెండు పద్ధతులూ నాకు గౌరవంగానే కనిపిస్తాయి. అందుకే ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళలో ఒక్క కుటుంబాన్నైనా వెతికి పట్టుకుని అడగమంటున్నాను, వాళ్ళు కాదన్న రూపంలో వాళ్ళ బాధని మనం గీయకూడదు.

వద్దంటున్న మీ ఇరుగుపొరుగుతో కూడా ఓపిగ్గా మాట్లాడండి. ఇప్పుడు ఆ ఇళ్ళల్లో ఉన్నవాళ్ళని దోషులుగా నిలబెడతారేమోనని వాళ్ళ భయం, అది అర్థం చేసుకోదగ్గదే. తేదీ రాయండి, ఏం జరిగిందో రాయండి, కాగితం ఆధారం ఉంటే చూపించండి. పెద్దవాళ్ళు చెప్పిన మాట తప్ప ఆధారం దొరకకపోతే 'పెద్దలు ఇలా చెబుతారు' అని అలాగే రాయండి.

గోడని ఎవరైనా పాడుచేస్తే అన్న భయమూ ఉత్తరంలో కనిపించింది. లండన్‌లోనే కేబుల్ స్ట్రీట్ గోడ ఉంది, 1936 అక్టోబర్ 4న ఫాసిస్టుల ఊరేగింపుని అక్కడి జనం అడ్డుకున్న ఘట్టం మీద వేసింది. 1976లో మొదలైన ప్రయత్నం 1983కి గానీ పూర్తి కాలేదు, మధ్యలో గోడ మీద రంగు చల్లి, నినాదాలు రాసి పాడుచేశారు. మళ్ళీ వేశారు. ఇప్పటికీ ఉంది.

ప్రశ్న: రెండేళ్ళ కిందట వేసిన బొమ్మ పెచ్చులూడిపోతోంది. రంగు మంచి కంపెనీదే. ఎందుకిలా అయింది?

రంగుది తప్పు కాకపోవచ్చు, గోడ తడిగా ఉండి ఉంటుంది. నేలలోంచి చెమ్మ గోడలోకి పాకుతుంది, దాంతోపాటు ఉప్పు వస్తుంది, నీరు ఆరిపోయినచోట ఆ ఉప్పు గట్టిపడి రంగు పొరని వెనక నుంచి నెడుతుంది. మామూలు అక్రిలిక్ రంగు ప్లాస్టిక్ పొరలా పట్టుకుంటుంది కాబట్టి ఉబ్బి ఊడుతుంది. ముందు చెమ్మ ఎక్కణ్ణుంచి వస్తోందో చూసి ఆపండి, పైన గొట్టం కారుతోందా, కింద నీళ్ళు నిలుస్తున్నాయా అని. కొత్త ప్లాస్టర్ అయితే కనీసం నాలుగు వారాలు ఆరనివ్వండి.

గోడకి ఊపిరాడే రంగులు కూడా ఉన్నాయి, సిలికేట్ రంగులంటారు, 1878లో జర్మనీలో కైమ్ అనే ఆయన పేటెంట్ తీసుకున్నారు. ఇవి పొరలా అతుక్కోవు, ప్లాస్టర్‌లోని ఖనిజంతో కలిసిపోతాయి, చాలాకాలం ఉంటాయి. కాకపోతే పాత ఆయిల్ పెయింటు మీదా అక్రిలిక్ మీదా పట్టవు, గోడని పూర్తిగా గీకాలి. ఎండ బాగా తగిలే గోడైతే ఎర్రమన్ను, పసుపుమన్ను లాంటి ఇనుము కలిసిన రంగులే నమ్మకం. తళతళలాడే గులాబీలు, కొన్ని ఎరుపులు ముందు వెలిసిపోతాయి, ముఖాలకి వాటిని వాడకండి.

ఇంకో పద్ధతి, పలచటి నేత లేని గుడ్డ మీద లోపల కూర్చుని రంగులు వేసి, తర్వాత గోడకి అంటించడం. ఫిలడెల్ఫియాలో 1984లో మొదలైన గోడచిత్రాల కార్యక్రమంలో ఇది బాగా వాడారు, జైల్లో ఉన్నవాళ్ళు కూడా అలా గుడ్డ మీద వేసి పంపారు. నిచ్చెన ఎక్కలేని పెద్దవాళ్ళు మీ దగ్గరా ఉంటారు కదా, వాళ్ళ చేతికీ బ్రష్ ఇవ్వొచ్చు.

ప్రశ్న: బయటి నుంచి పేరున్న కళాకారుణ్ణి పిలిచారు. ఆయన వేస్తానన్నది మాకు అర్థం కావట్లేదు. కాదంటే మాకు కళ తెలియదంటారేమో.

అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గెందుకు, చెప్పండి. న్యూయార్క్‌లో రిచర్డ్ సెర్రా అనే చాలా పెద్ద శిల్పి 1981లో ఒక ప్రభుత్వ కార్యాలయం ముందున్న ఖాళీ స్థలంలో 120 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తు ఉక్కు గోడ నిలబెట్టారు. అక్కడ పనిచేసేవాళ్ళు రోజూ నడిచే దారికి అది అడ్డం. 1985లో బహిరంగ విచారణ జరిగితే మాట్లాడినవాళ్ళలో ఉంచమన్నవాళ్ళే ఎక్కువ, అయినా తీసేయాలని తేల్చారు, 1989లో తొలగించారు. రెండువైపులా బాధే మిగిలింది. ఎనిమిదేళ్ళ తర్వాత తీసేయడం కన్నా మొదట్లోనే కూర్చుని మాట్లాడుకోవడం నయం.

ఆ కళాకారుణ్ణి వీధిలో కొన్నాళ్ళు తిరగమనండి, టీ తాగమనండి, మీరు పోగుచేసిన మాటలు వినిపించండి. విన్నాక కూడా ఆయన తన గీత తను గీస్తే గీయనివ్వండి. వినడానికే ఇష్టపడకపోతే వేరేవాళ్ళని చూసుకోండి.

ప్రశ్న: మేం ఎంతో కష్టపడి వేసిన బొమ్మ ఉన్న గోడని యజమాని పడగొడతానంటున్నారు. ఆపగలమా?

కొన్ని దేశాల్లో చట్టం కళాకారుడి పక్షాన కొంత నిలబడుతుంది. న్యూయార్క్‌లో 5 పాయింట్జ్ అనే కట్టడం మీద బొమ్మల్ని 2013లో యజమాని రాత్రికి రాత్రి తెల్లరంగుతో పూసేశారు. అమెరికాలో 1990 నాటి చట్టం ఆధారంగా 2018లో కోర్టు 21 మంది కళాకారులకి 67.5 లక్షల డాలర్లు ఇప్పించింది. బొమ్మలు మాత్రం తిరిగి రాలేదు. మీ విషయంలో యజమానితో ఏ కాగితం రాసుకున్నారన్నదే ముఖ్యం, లాయర్‌కి చూపించండి. ఏమీ రాసుకోకపోతే ఇప్పుడైనా అడగండి, కనీసం మూడు నెలల ముందు చెప్పాలని.

ఈలోపు ప్రతి అడుగునీ మంచి వెలుతురులో ఫోటో తీయండి. రాచెల్ వైట్‌రీడ్ అనే శిల్పి 1993లో తూర్పు లండన్‌లో, వరస ఇళ్ళన్నీ కూల్చగా మిగిలిన ఆఖరి ఇంటి లోపల కాంక్రీటు పోసి, బయటి గోడలు తీసేశారు. ఇంటి లోపలి ఖాళీ అంతా గట్టిపడి బయటికి కనిపించింది, పొయ్యి ఉన్నచోట, కిటికీ ఉన్నచోట ఆ గుర్తులతో సహా. 1994 జనవరిలో దాన్ని కూల్చేశారు. నిలబడింది కొన్ని నెలలే, ఫోటోల వల్ల ఇప్పటికీ దాని గురించి మాట్లాడుకుంటున్నాం.

ప్రశ్న: బొమ్మలు వేస్తే వీధికి పేరొచ్చి అద్దెలు పెరిగి మేమే వెళ్ళిపోవాల్సి వస్తుందా?

అలా జరిగిన చోట్లున్నాయి, అబద్ధం చెప్పను. పని ఎవరు మొదలుపెట్టారు, ఎవరి కోసం అన్నది చూడండి. శాన్ డియాగోలో ఒక పేటని రహదారి, ఆ తర్వాత వంతెన చీల్చేశాయి. వంతెన కింద పార్కు ఇస్తారనుకున్న స్థలంలో పోలీసు స్టేషన్ కడుతున్నారని తెలిసి 1970 ఏప్రిల్ 22న అక్కడి జనం వెళ్ళి కూర్చున్నారు, పార్కు సాధించుకున్నారు. 1973 నుంచి ఆ వంతెన స్తంభాల మీదే తమ బొమ్మలు వేసుకున్నారు. అలా జనం పట్టుబట్టి తెచ్చుకున్నది వాళ్ళదిగానే ఉంటుంది. ఇల్లు అమ్మేవాళ్ళ ప్రకటన కోసం ఎవరో వచ్చి వేయిస్తానంటే మాత్రం, అద్దెకుంటున్నవాళ్ళందర్నీ కూర్చోబెట్టి మాట్లాడాకే ఒప్పుకోండి.

ప్రశ్న: మాకు గోడా లేదు, డబ్బూ లేదు. ఇరుకు సందు. మేమేం చేయగలం?

నేల ఉంది కదా. బెర్లిన్‌లో నగరాన్ని రెండుగా విడదీసిన గోడ కూలిపోయాక చాలాచోట్ల అది ఉన్న దారిని రెండు వరసల రాళ్ళతో రోడ్డు మీదే గుర్తుపెట్టారు, కార్లు దాని మీంచే పోతుంటాయి, అక్కడక్కడా ఒక పలక, 1961 నుంచి 1989 అని. లాస్ ఏంజిలస్‌లో జపాన్ మూలాలున్నవాళ్ళ పేట లిటిల్ టోక్యోలో 1996లో, ఇందాక చెప్పిన డి బ్రెట్‌విల్ గారే, కాలిబాట మీద ఒక్కో గుమ్మం ముందు అక్కడ ఏ కాలంలో ఏ దుకాణం ఉండేదో పేర్లు వరసగా రాయించారు. అంతే, పేర్లూ సంవత్సరాలూ. 1942లో అమెరికా ప్రభుత్వం ఆ జనాన్నంతా పట్టుకెళ్ళి శిబిరాల్లో పెట్టిందని తెలిసినవాళ్ళకి ఆ వరస చదువుతుంటే ఎక్కడ తెగిందో తెలుస్తుంది.

మీ సందులో ఎన్ని గుమ్మాలుంటే అన్ని. మొదట సుద్దముక్కతో రాయండి, వారం రోజులు అలా వదిలేయండి. 'ఇది తప్పు, మా నాన్న షాపు అంతకుముందే పెట్టాడు' అంటూ ఎవరో ఒకరు బయటికొస్తారు. వాళ్ళ చేతికే సుద్దముక్క ఇచ్చి దిద్దించండి. దిద్దడాలన్నీ అయ్యాకే రంగో, రేకో ఆలోచించండి.